తప్పు ఇటుక

ధూమ్రగిరి మీద తెల్లవారింది. నల్లరాతి చరియల నెర్రెల్లోంచి నీలిపొగ లేచింది. ఆ పొగలో సూర్యబింబం తోమని రాగిపళ్ళెంలా వేలాడుతోంది. కొండ నెత్తిన మాంత్రికుడు శంబరభట్టు కోట. గోడలు పాము పడగల్లా ముందుకు వంగి ఉన్నాయి. బురుజుల చివర ఏనుగు దంతాలు. గవాక్షాల వెనక ఎవరో కాగడా పట్టుకుని తిరుగుతున్నట్టు ఎర్రటి వెలుగు. పిట్ట కూడా ఆ దిక్కుకు పోదు.

ఆ కొండను ఇద్దరు ఎక్కుతున్నారు.

ముందు నడిచేవాడు ఓబన్న. కర్ణికాపురంలో బొమ్మ ఇటుకల పనివాడు. నెత్తిన గంప. వెనక నడిచేది నాగసాని. కర్ణికాపురం సేనాపతి విరూపాక్షుడి కూతురు. తలపాగా చుట్టి, మీసం అంటించి, మగవేషంలో ఉంది. బొమ్మలమ్మే అన్నదమ్ములమని చెప్పుకుని మూడు రోజుల్లో ఏడు ఊళ్ళు దాటారు.

బొమ్మ ఇటుక గోరంత ఉంటుంది. మెత్తని మన్ను పిసికి, అచ్చులో పోసి, ఊకమంటలో కాలుస్తారు. పైన బొడిపె, అడుగున గుంట. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున కూచుంటుంది. సున్నం అక్కర్లేదు. ఆ ఇటుకలతో లోకంలో పేరుపడ్డ కట్టడాలన్నీ మూరెడు ఎత్తున కడతారు. హంసావళి ఊయల వంతెన, మణిద్వీపం దీపస్తంభం, వేయి మెట్ల బావి. నడవలేనివాళ్ళు, ఊరు దాటనివాళ్ళు వాటిని చూసి, లోకం చూసినంత సంబరపడతారు.

ఆ పనివాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఏది కట్టినా అందులో ఒక ఇటుక కావాలని తప్పుగా పెట్టాలి. తెల్లగోడలో ఒక ఎర్ర ఇటుక. పెట్టేటప్పుడు తన పేరు చెప్పుకుని, అసలు కట్టడం కట్టినవాణ్ణి తలుచుకుని, పైకి వినిపించేలా అనాలి. "ఒప్పు కట్టినవాడిది. తప్పు నాది."

తప్పులేని బొమ్మ బొమ్మ కాదని పెద్దలు చెప్పేవారు. దానికి మంత్రం కట్టేవాడు దొరికితే అది అసలుదే అయిపోతుంది. బొమ్మకు తగిలిన దెబ్బ అసలుకు తగులుతుంది.

ఆ మాట నిజమైంది. తప్పు ఇటుక లేని కర్ణికాపురం కోటబొమ్మ ఒకటి శంబరభట్టు చేతికి చిక్కింది. దానికి మంత్రం కట్టాడు. మూడు రోజుల కిందట దాని తూర్పు బురుజును గోటితో మీటాడు. అక్కడ కర్ణికాపురంలో రెండు వందల ఏళ్ళ బురుజు కూలిపోయింది. కింద పందొమ్మిది మంది పోయారు. అందులో ఒకడు నాగసాని తమ్ముడు బసవడు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నానికి సింహాసనం అప్పగించకపోతే బొమ్మను దిమ్మె కింద వేసి నుగ్గు చేస్తానని శంబరభట్టు కబురు పంపాడు.

నాలుగో రోజు ఇవ్వాళే.

నాగసాని తమ్ముడి చితి ముందు ఒట్టు పెట్టుకుంది. "ఆ బొమ్మ కట్టినవాడి కుడిచెయ్యి నరికి బురుజు రాళ్ళ మీద పెడతాను." బొమ్మను గుర్తుపట్టేందుకు పనితనం తెలిసినవాడు కావాలంటే ఓబన్న ముందుకొచ్చాడు. మొదటి రోజే అతన్ని అడిగింది. "కట్టినవాడు నీకు తెలుసా?"

"వేరే ఊరివాడంట," అన్నాడు ఓబన్న.

అది అబద్ధం. కట్టింది ఓబన్నే.

పోయిన చైత్రంలో సంతలో కోటబొమ్మ పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిది బురుజులు, నాలుగు ద్వారాలు, ఏనుగుశాల తలుపు గడియలతో సహా. తెల్లగడ్డం యాత్రికుడొకడు వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఉత్తర ద్వారం మీద వేలు పెట్టాడు. "ఇదేంటయ్యా, తెల్లగోడలో ఎర్ర ఇటుక? చూపు ఆనదా?" జనం ఘొల్లున నవ్వారు. కట్టుబాటు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఓబన్న చెప్పలేదు. ఎర్ర ఇటుక పీకాడు. తెల్లది పెట్టాడు. యాత్రికుడు భేష్ అన్నాడు. ఆ మాటకే ఓబన్న బొమ్మను ఊరికే చేతిలో పెట్టి పంపాడు.

పీకిన ఎర్ర ఇటుక రొంటిలోనే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"ఏముందయ్యా ఆ రొంటిలో? పదడుగులకోసారి తడుముకుంటావు," అంది నాగసాని వెనక నుంచి.

"పొగాకమ్మా."

"మూడు రోజుల్లో ఒక్కసారి నమిలింది చూడలేదే!"

ఓబన్న అడుగు వేగం పెంచాడు. కోటద్వారం వచ్చేసింది.

ద్వారం మీద రాతి చిలుక. కింద ఒంటికన్ను కావలివాడు, భుజాన ఇనుపగద, బుగ్గన తాంబూలం.

"ఎవుర్రా మీరు?"

"బొమ్మలమ్మేవాళ్ళం సామీ. వీడు మా తమ్ముడు."

"తమ్ముడికి నడుం ఇంత సన్నమేంది? తిండి పెట్టవా?"

"ఎంత పెట్టినా నోరే లావవుద్ది సామీ, ఒళ్ళు రాదు."

నాగసాని పళ్ళు కొరికింది. కావలివాడు పగలబడి నవ్వాడు. అంతలో రాతి చిలుక రెక్కలు టపటపలాడించింది.

"తప్పు చేసినవాడొచ్చాడు! తప్పు చేసినవాడొచ్చాడు!"

ఓబన్న కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. కావలివాడు గదతో చిలుక నెత్తిన ఒకటిచ్చాడు. "నోర్ముయ్! ఈ గుమ్మం తొక్కేవాళ్ళల్లో తప్పు చెయ్యనోడెవుడే? నిన్న వంటోణ్ణి చూసి ఇట్టాగే అరిచినావు. తీరా చూస్తే పులుసులో ఉప్పెక్కువేశాడు. పోండ్రా లోపలికి!"

లోపలికి పోయారు. చిలుక అరుస్తూనే ఉంది.

"అది నన్నందా, నిన్నందా?" అంది నాగసాని మెల్లగా.

"రాయి కదమ్మా. దానికేం తెలుసు," అన్నాడు ఓబన్న. చెవులు కాలుతున్నాయి.

మొదటి ప్రాకారం దాటగానే బురదగుండం. తాటిచెట్టంత లోతున నల్లబురద కుతకుతా ఉడుకుతోంది. బుడగ పగిలినప్పుడల్లా గంధకం వాసన. దాని మీద ఇనుపగొలుసుల వంతెన. అటు వైపు బంగారుపూత తలుపు. ఇద్దరూ వంతెన మీదకు అడుగుపెట్టారు. సగం దాకా ఏమీ కాలేదు. సగం దాటగానే గొలుసులు మెత్తబడ్డాయి. చల్లబడ్డాయి. బుస్సుమన్నాయి.

గొలుసులన్నీ పాములైపోయాయి!

"పరుగెత్తు!" అని నాగసాని అంగీ కింద దాచిన కత్తి దూసింది. ఎడంవైపు పడగ తెగిపడింది. కుడివైపుది కాలు చుట్టింది. దాన్నీ నరికి, ఆ ఊపులో అవతలి గట్టు మీదకు దూకింది. ఓబన్న గంప పాము మీదకు విసిరాడు. ఇటుకలన్నీ వానలా బురదలో పడి మాయమయ్యాయి. కాళ్ళ కింద పాము జారింది. ఓబన్న కూడా జారాడు.

గట్టు మీద నుంచి నాగసాని వంగి కుడిచెయ్యి అందుకుంది. ఓబన్న గాలిలో వేలాడాడు. అరికాళ్ళకు కింది ఆవిరి తగిలి బొబ్బలెక్కుతున్నాయి.

"వదలకు! గట్టిగా పట్టుకో!"

ఓబన్నకు వదిలేయాలనిపించింది. రొంటిలో ఇటుక గుచ్చుకుంది. వదల్లేదు.

పైకి లాగి, ఆమె రొప్పుతూ నవ్వింది. "గట్టి చెయ్యయ్యా నీది. ఈ చెయ్యి లేకుంటే పోయుండేవాడివి."

ఓబన్న తల వంచుకున్నాడు. ఆ చెయ్యిని పంచె మడతల్లో దాచుకున్నాడు.

బంగారుపూత తలుపు తోశారు. అది శంబరభట్టు మండపం. వెయ్యిమంది కూర్చోవచ్చు. స్తంభాలకు పగడాల తీగలు. నేల నీలాలు పరిచినట్టు నున్నగా, నడిచేవాళ్ళ ముఖాలు కిందనుంచి తిరిగి చూస్తున్నట్టు ఉంది. గోడల వెంబడి అరల్లో బొమ్మ ఇటుకల కట్టడాలు వందలు. అన్నిటి మీదా దుమ్ము. అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట ఒక ఎర్ర ఇటుక. ఏ ఊరి పనివాడూ కట్టుబాటు తప్పలేదు.

ఓబన్న వాటి వైపు చూడలేకపోయాడు.

మండపం నడుమ రాతిబల్ల. దాని మీద పది కర్ణికాపురం కోటలు వరసగా ఉన్నాయి. పదీ ఒక్కలాగే ఉన్నాయి. పదింటికీ తూర్పు బురుజు విరిగి ఉంది. బల్ల పైన ఏనుగంత ఇనుపదిమ్మె ఒక్క పట్టుతాడుకు వేలాడుతోంది. పైకప్పు కంతలోంచి ఎండచార నేల మీద పడి, చీమ నడిచినట్టు కదులుతోంది. తాడు కొసను నేలకు కట్టినచోట ఉన్న సూర్యకాంతం రాయిని అది తాకితే తాడు కాలుతుంది. ఇంకా రెండు జానల దూరం ఉంది. పక్కనే కంచుతొట్టి. అందులో నీళ్ళు. నీళ్ళలో అసలు కర్ణికాపురం అద్దంలో చూసినట్టు కనిపిస్తోంది.

"దొంగబొమ్మలు తొమ్మిది కలిపాడు ముండాకొడుకు," అంది నాగసాని. "ఏదయ్యా మనది?"

ఓబన్న రెండోసారి చూడలేదు. "నాలుగోది."

"అంత ఇదిగా ఎట్టా చెప్పావు?"

 మళ్ళీ అడిగేందుకు సమయం లేదు. నాగసాని రెండు చేతులతో నాలుగో బొమ్మను ఎత్తింది.

తొట్టిలో కర్ణికాపురం ఒక పక్కకు ఒరిగింది. వీధుల్లో కుండలు దొర్లాయి. ఏనుగుశాలలో ఏనుగు మోకాళ్ళ మీద పడింది. ఆడవాళ్ళు పిల్లల్ని పొదువుకుని గోడలకు అతుక్కున్నారు. ఉత్తర ద్వారం కింద ఒక ముసలి వీరుడు స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాడు. విరూపాక్షుడు.

"నాయనా!" అని నాగసాని బొమ్మను మెల్లగా దించింది. నుదుట చెమట. "ఎత్తితే ఊరు పడుతుంది. ఎత్తకపోతే దిమ్మె పడుతుంది. ఇంకేం దారి?"

ఎండచార జానెడు దూరంలో ఉంది.

ఓబన్న రొంటిలోంచి ఎర్ర ఇటుక తీశాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. "ఒక్కటే దారమ్మా. ఉత్తర ద్వారం మీద, మూడో వరసలో తెల్లది పీకి ఇది పెట్టాలి. తప్పు ఉంటే అది వట్టి బొమ్మే. మంత్రం తెగుద్ది." దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. "కట్టినవాడే పెట్టాలి."

"వాణ్ణి ఇప్పుడు యాడ నుంచి తెచ్చేది?"

ఓబన్న నేల వైపు చూశాడు. నేలలోంచి తన ముఖమే తిరిగి చూసింది.

నాగసాని ఇటుకను చూసింది. రొంటిని చూసింది. ఇటుక పట్టుకున్న చేతిని చూసింది. ఆ చేతినే కాసేపటి కింద పట్టుకుని పైకి లాగింది.

"పొగాకన్నావు," అంది.

ఆమె రెండో మాట అనేలోపు మండపం అవతలి నుంచి చప్పట్లు వినిపించాయి. పొగలోంచి తెల్లగడ్డం, యాత్రికుడి కర్ర బయటికొచ్చాయి. వెనక పొగతో చేసిన భటులు పదిమంది.

"రావయ్యా ఓబన్నా!" అన్నాడు శంబరభట్టు, పెళ్ళికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. "పద్నాలుగు దేశాలు తిరిగాను. అరల్లో చూశావుగా, అన్నీ తప్పులే. ఎంత నవ్వినా ఒక్కడూ ఇటుక పీకలేదు. నువ్వొక్కడివే పీకావు. ఒక్క తప్పు లేకుండా కట్టినవాడివి లోకంలో నువ్వొక్కడివే! నీ అంతటి పనివాడు లేడు."

ఓబన్న బతుకంతా ఆ మాట కోసం చూశాడు. ఇప్పుడది మొహాన ఉమ్మినట్టు తగిలింది.

"పట్టుకోండి!" అన్నాడు మాంత్రికుడు. పొగభటులు విరుచుకుపడ్డారు. నాగసాని బల్లకు అడ్డంగా నిలిచింది. కత్తి తగిలిన భటుడు రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతున్నాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఓబన్న వైపు తిరగనూ లేదు.

"పీకు చూద్దాం," శంబరభట్టు నవ్వాడు. "తెల్ల ఇటుక తీస్తే అక్కడ ద్వారం రాయి జారుతుంది. కింద ఎవరున్నారో చూసుకో."

తొట్టిలో విరూపాక్షుడు అక్కడే ఉన్నాడు. పిల్లల్ని ద్వారం బయటికి దాటిస్తున్నాడు. ఓబన్న వేళ్ళు ఇటుక మీద ఆగిపోయాయి.

"అమ్మా..."

"మా నాయన ఉన్నాడని ఆగొద్దు," అంది నాగసాని, కత్తి ఆపకుండా. "తియ్యి."

తీశాడు.

తొట్టిలో ద్వారం మీది రాయి గడగడ జారింది. విరూపాక్షుడి భుజం మీద సున్నం రాలింది. కమాను నెర్రె ఇచ్చింది. ఓబన్న ఎర్ర ఇటుకను ఖాళీలో పెట్టి నొక్కాడు. నోట్లో నోట్లో గొణిగాడు. "ఒప్పు కట్టినవాడిది, తప్పు నాది."

ఇటుక కూర్చోలేదు. బొడిపె గుంటలోకి దిగలేదు. ఊగుతోంది.

"పేరు మింగేశావే!" మాంత్రికుడు పొట్ట పట్టుకున్నాడు. "గట్టిగా చెప్పు. అమ్మాయి వినేట్టు చెప్పు. ఏం, సిగ్గా?"

నెర్రె కమాను పొడవునా పాకింది. ఎండచార సూర్యకాంతం అంచును తాకింది. తాడు నుంచి సన్నగా పొగ లేచింది.

ఓబన్న ఎప్పుడూ గొంతెత్తినవాడు కాదు. సంతలో కూడా గట్టిగా పిలిచి అమ్మలేదు. ఇప్పుడు అరిచాడు. మండపం స్తంభాలు మోగాయి.

"నేను కర్ణికాపురం ఓబన్నను! కదిరప్ప కొడుకును! ఈ కోట కట్టింది నేను! తప్పు ఇటుక పీకింది నేను! నవ్వుతారని పీకినాను! పందొమ్మిది మంది పోయింది నా వల్లే! ఈ తల్లి తమ్ముడు బసవయ్య పోయింది నా వల్లే! ఒప్పు కట్టినవాడిది! తప్పు నాది!"

టక్.

కోటద్వారం దగ్గర అప్పటిదాకా అరుస్తూనే ఉన్న రాతి చిలుక ఊరుకుంది.

తాడు తెగింది. ఓబన్న చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఏనుగంత దిమ్మె పది కోటల మీదా ఒక్కసారే పడింది. పిడుగు పడ్డట్టయింది. మన్ను ఎగిరి కళ్ళలో పడింది. ఇద్దరూ తొట్టి వైపు తిరిగారు.

కర్ణికాపురం నిలబడే ఉంది. ఉత్తర ద్వారం మీద, మూడో వరసలో, ఒక రాయి ఎర్రగా మారి ఉంది. దాని కింద విరూపాక్షుడు భుజం మీది సున్నం దులుపుకుంటూ, ఇదెప్పుడు వచ్చిందా అన్నట్టు పైకి చూస్తున్నాడు.

శంబరభట్టు గొంతులోంచి మనిషి అరుపు రాలేదు. గడ్డం ఈకలైంది. కర్ర వంకర ముక్కుగా మారింది. పొగభటులు పదిమందీ అతనిలోకి దూరారు. మండపం నిండా రెక్కలు చాచి, పొగగద్ద పైకప్పును గుద్దింది. స్తంభాలు ఒక్కొక్కటే విరుగుతున్నాయి. నీలాల నేల పగిలి, సందుల్లోంచి బురదగుండం ఆవిరి తన్నుకొస్తోంది.

ఓబన్న పారిపోలేదు. రాతిబల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దిమ్మె అంచున చిమ్మిన తన కోట పొడి మీద కుడిచెయ్యి చాపి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

నాగసాని వచ్చి పక్కన నిలబడింది. కత్తి లేచిన చప్పుడు వినిపించింది. గాలి కోసుకుంటూ దిగిన చప్పుడూ వినిపించింది. బల్ల మీద రాయి రెండుగా పగిలింది. మణికట్టుకు వెంట్రుకవాసి దూరంలో.

"లే," అంది.

"ఒట్టు పెట్టుకున్నావమ్మా."

"పెట్టుకున్నాను. తప్పను. ఈ చెయ్యి బురుజు రాళ్ళ మీద పెడతానన్నాను. పెడతాను. ప్రతి రాయి మీదా పెట్టిస్తాను, బురుజు లేచేదాకా."  రాయి సందులోంచి కత్తి లాగింది. "నిన్ను నేను మన్నించలేదు. ఆ మాట గుర్తుపెట్టుకో. ఆ చెయ్యి ఇక నీది కాదు, నాది. నేను అడిగేదాకా మోసుకు తిరుగు."

పొగగద్ద పైకప్పు చీల్చుకుని బయటికి పోయి, మళ్ళీ తిరిగి కిందికి దూసుకొస్తోంది. వెనక తలుపు కూలిపోయింది. ముందు గవాక్షం. గవాక్షం కింద పాతాళమంత లోయ, లోయలో వెండితీగలా నది. నాగసాని అద్దం పలకను కత్తిపిడితో బద్దలు కొట్టి, అంచు మీదకు ఎక్కి చెయ్యి చాపింది.

"దూకాలి. చెయ్యియ్యి!"

ఓబన్న ఎడంచెయ్యి ఇచ్చాడు.

ఆమె దాన్ని విదిలించి కొట్టింది. "అది కాదు. నాది ఇటియ్యి!"

గద్ద గోళ్ళు ఓబన్న తలపాగాను ఎగరేసుకుపోయాయి. అతను కుడిచెయ్యి ఇచ్చాడు. ఆమె మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ లోయలోకి దూకారు.